శివారులో అద్దె ఇల్లు: నెలకు అసలు ఎంత పడుతుందో లెక్క తేల్చుకోవడం ఎలా

పెద్ద నగరాన్ని ఆనుకుని పెరిగిన శివారు పట్టణంలో ఇల్లు వెతికేటప్పుడు అందరి చూపూ ముందు అద్దె మీదే పడుతుంది. నగరం నడిబొడ్డున ఇచ్చే డబ్బుకు ఇక్కడ ఇంకో గది వస్తుంది, బాల్కనీ వస్తుంది, బండి పెట్టుకోవడానికి చోటూ వస్తుంది. కొన్ని నెలలు గడిచాక బ్యాంకు ఖాతా చూసుకుంటే మాత్రం మిగులుతుందనుకున్న డబ్బు కనబడదు. ఎవరూ మోసం చేసి ఉండరు. తగ్గిన అద్దె కాస్తా పెట్రోలు, టికెట్లు, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ కింద చిల్లరగా కరిగిపోయి ఉంటుంది.

ఆ చిల్లరంతా అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీదకు తేవడం ఎలాగో ఇక్కడ చూద్దాం. ఏ దేశంలోనైనా పద్ధతి ఒకటే కాబట్టి కరెన్సీ వాడటం లేదు. నగరం మధ్యలో ఉన్న ఒక ఇంటి అద్దెను 100 అనుకుని మిగతా ఖర్చులన్నీ దానితో పోల్చి చెప్తాను. మీ అంకెలు మీరు వేసుకోండి.

ముందు ఇది అర్థం కావాలి: శివారులో అద్దె ఎందుకు తక్కువ?

1826లో జర్మనీకి చెందిన ఫాన్ థ్యూనెన్ పొలాల కౌలు గురించి ఒక సంగతి చెప్పాడు. సంతకు దూరమయ్యే కొద్దీ పంట మోసుకెళ్లే ఖర్చు పెరుగుతుంది కాబట్టి కౌలు తగ్గుతుందని. 1964లో విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త ఇదే తర్కాన్ని నగరాల్లోని ఇళ్లకు అన్వయించాడు. పని ఉన్న చోటికి దూరమైతే రాకపోకల ఖర్చు పెరుగుతుంది, అంతమేర జనం అద్దెకు పెట్టగలిగేది తగ్గుతుంది.

అంటే శివారు ఇంటి తగ్గింపు మీకు దొరికిన లాభం కాదు. సగటు మనిషి ప్రయాణానికి ముందే పక్కన పెట్టిన డబ్బు. ఇందులోంచి పనికొచ్చే సూత్రం ఒకటి దొరుకుతుంది. మిగతా అందరికన్నా తక్కువ ప్రయాణం చేసేవాళ్లకే శివారు నిజంగా కలిసొస్తుంది. ఇంటి నుంచే పనిచేసేవాళ్లు, ఆఫీసు అదే శివారులో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు ఈ కోవలోకి వస్తారు. రోజూ నగరం అవతలి చివరకు వెళ్లాల్సినవాళ్లకు అదే ఇల్లు ఖరీదైనది.

శివారంతా ఒకే ధర ఉండదు. రైలు స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే వీధుల్లో, మంచి బడి పక్కన అద్దెలు నగరంతో పోటీ పడతాయి. కొత్త రైలు మార్గం తెరుస్తున్నారంటే అది మొదలవకముందే పెరగడమూ ఉంది. 2020 తర్వాత ఇంకో మార్పు వచ్చింది. అమెరికా పెద్ద నగరాల్లో ఇళ్ల గిరాకీ మధ్య భాగం నుంచి శివార్లకు జరిగిందని అర్జున్ రమణి, నికొలస్ బ్లూమ్ 2021లో లెక్కలతో చూపించారు. ఇంటి నుంచి పని చేసే వీలు దొరకగానే జనానికి దూరం అంత బరువుగా అనిపించలేదన్నమాట.

1. మీ పరిమితి ఎంతో ముందే రాసుకోండి

'ఆదాయంలో 30 శాతానికి మించి అద్దె పెట్టకూడదు' అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. దీని వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేదల అద్దె వాళ్ల ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టం చేశారు, 1981లో దాన్ని 30 చేశారు. ఆ అంకే క్రమంగా అందరి నోటా నానింది.

శివారు ఇంటి విషయంలో ఈ 30 శాతం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ప్రయాణం అందులో లేదు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చు, రవాణా ఖర్చు రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం లోపు ఉండాలంటుంది. నా ఉద్దేశంలో శివారుకు ఇదే సరైన కొలత. పన్నులు పోను చేతికొచ్చే జీతం మీద ఈ 45 లెక్కకడితే ఇంకా క్షేమం. ఆ అంకెను కాగితం పైన పెద్దగా రాసి పెట్టుకోండి.

2. ప్రకటనల్లోంచి నిజమైన ధర రాబట్టండి

ఒకే ప్రాంతంలో, ఒకే సైజు ఇళ్లవి పదిహేను, ఇరవై ప్రకటనలు సేకరించండి. ఒకే ఇంటిని ముగ్గురు బ్రోకర్లు మూడు ధరలకు పెట్టడం మామూలే, ఫొటోలు చూసి వాటిని ఏరేయండి. మిగిలిన అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. సగటు కట్టొద్దు. ఖరీదైన విల్లా ఒక్కటి ఉన్నా సగటును పైకి లాగేస్తుంది.

తర్వాత రెండు వారాలు ఊరికే గమనించండి. రెండు మూడు రోజుల్లో మాయమైన ప్రకటనలది జనం ఒప్పుకున్న ధర. నెల తిరిగినా అలాగే ఉన్నవి ఓనర్ ఆశపడుతున్న ధర. బేరానికి వెళ్లేటప్పుడు ఈ తేడాయే మీ చేతిలో ఉండే బలం.

అక్కడే ఎప్పటినుంచో ఉంటున్నవాళ్లు చెప్పే అద్దె విని కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడతారు, 'పక్కింటివాళ్లకు అంతే, మాకు ఇంతా?' అని. పాత అద్దెదారుల ధర మార్కెట్ కన్నా వెనకబడి ఉండటం సహజం. అమెరికా కార్మిక గణాంక శాఖ, అక్కడి కేంద్ర బ్యాంకు శాఖల్లో ఒకటైన క్లీవ్‌లాండ్ ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు 2022లో చేసిన అధ్యయనంలో కొత్తవాళ్ల అద్దెల్లో వచ్చిన మార్పు మొత్తం అద్దెల్లో కనిపించడానికి సుమారు ఏడాది పడుతుందని తేలింది. కాబట్టి పాత, కొత్త అద్దెలన్నీ కలిపి లెక్కకట్టే ప్రభుత్వ ధరల సూచీలో అద్దెలు పెరుగుతున్నట్టు ఉన్నా, మీరు చూస్తున్న ఇళ్ల ధర ఇప్పటికే దిగుతూ ఉండొచ్చు. దీనికి ఉల్టాగానూ జరుగుతుంది.

3. టేపు పట్టుకుని కొలవండి

ప్రకటనలో చెప్పే చదరపు అడుగుల్లో గోడలు, బాల్కనీ, ఒక్కోసారి మెట్లు, వరండా కూడా కలిసి ఉంటాయి. 1000 చదరపు అడుగులని చెప్పిన ఇంట్లో మీరు మంచం వేసుకుని తిరగగలిగేది 700 కావచ్చు. అద్దె 70 అనుకుంటే కాగితం మీద 100 చదరపు అడుగులకు 7 పడుతుంది, లోపల కొలిస్తే 10. శివారులో పెద్ద ఇల్లు చౌకగా వచ్చిందన్న భ్రమ చాలాసార్లు ఇక్కడే వీగిపోతుంది. రెండిళ్లను పోల్చాలంటే రెండింటినీ లోపలి కొలతతోనే పోల్చండి.

4. అద్దెలో కలవని బిల్లులు అడిగి తెలుసుకోండి

జర్మనీలో ఇంటి ప్రకటనల్లో అద్దె ఒక అంకెగా, నిర్వహణ ఖర్చులు కలిపిన మొత్తం ఇంకో అంకెగా ఇస్తారు. అన్నిచోట్లా అంత సుఖం ఉండదు. మెయింటెనెన్స్ ఎంత, అందులో లిఫ్టు, వాచ్‌మన్, చెత్త, నీళ్లు, జనరేటర్ ఏవేవి వస్తాయి, పార్కింగ్‌కు విడిగా కట్టాలా, ఈ మెయింటెనెన్స్ చివరిసారి ఎప్పుడు పెరిగింది అని మీరే అడగాలి. కొత్త భవనాల్లో మొదటి ఏడాది బిల్డర్ తక్కువ వసూలు చేసి, నివాసుల సంఘం చేతికి రాగానే పెరగడం జరుగుతుంటుంది.

కరెంటు, గ్యాస్, నీళ్ల బిల్లులు గత పన్నెండు నెలలవి చూపించమనండి. 'మామూలుగానే వస్తుందండీ' అనే జవాబుతో ఊరుకోవద్దు. బాగా ఎండ, బాగా చలి ఉన్న నెలల బిల్లే అసలు సంగతి చెప్తుంది. ప్రత్యేక మీటరు ఉందో, ఓనర్ తన మీటరు నుంచి లెక్కకట్టి యూనిట్‌కు తన ధర వేస్తాడో కూడా తేల్చుకోవాలి.

విడి ఇల్లా, అపార్ట్‌మెంటా అనే మీమాంస ఉన్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. విడి ఇంటికి మెయింటెనెన్స్ ఉండదు కాబట్టి చౌక అనుకుంటాం. కానీ దానికి నాలుగు వైపులా గోడలూ, పైకప్పూ ఎండకు చలికీ తెరుచుకుని ఉంటాయి. అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తు ఫ్లాటుకు పైనా కిందా పక్కనా ఇళ్లే కాపు. అదే వైశాల్యానికి విడి ఇంట్లో చల్లదనానికో వెచ్చదనానికో అయ్యే కరెంటు ఎక్కువ. పై అంతస్తు ఫ్లాటుదీ దాదాపు ఇదే కథ. దానికి తోడు పెరడు శుభ్రం, మోటారు రిపేరు, మురుగు తూము పూడుకుపోవడం లాంటివి ఎవరి నెత్తిన పడతాయన్నది విడి ఇంట్లో ప్రతిసారీ పంచాయితీయే. అపార్ట్‌మెంట్‌లో అయితే ఫోన్ చేసి చెప్తే చాలు. పిల్లలు, పెంపుడు జంతువులు ఉండి జాగా కావాలనుకుంటే విడి ఇల్లే మేలు, కాకపోతే అద్దెలో పదో వంతు వరకు ఇలాంటి ఖర్చులకు అదనంగా వేసుకుని చూడండి.

5. ప్రయాణం: లెక్కంతా తారుమారయ్యేది ఇక్కడే

మ్యాప్ చూసి 'అరగంటే కదా' అనుకోవద్దు. ఇల్లు ఖాయం చేసుకోకముందే ఒక పనిరోజు, మీరు నిజంగా బయల్దేరే వేళకు, ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా వెళ్లి చూడండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా చేయండి, ఎక్కువచోట్ల అదే ఇంకా కష్టం. ఇంటి నుంచి స్టేషన్‌కు ఎలా వెళ్తారు, అక్కడ బండి పెట్టడానికి ఎంత, రైలు తప్పితే తర్వాతది ఎప్పుడు, రాత్రి ఆలస్యమైతే ఎలా వస్తారు... ఈ ప్రశ్నలన్నిటికీ డబ్బు లెక్క ఉంది.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు మాత్రం రెండో బండి. నగరంలో ఒక బండితోనో, బండి లేకుండానో గడిచిపోయిన ఇల్లు శివారుకు మారగానే ఇంకోటి కొనక తప్పదు, ఎందుకంటే ఒకరు బండి తీసుకుని వెళ్తే ఇంకొకరు పాలప్యాకెట్‌కు కూడా కదల్లేరు. బండి ఖర్చంటే పెట్రోలే కాదు. బీమా, సర్వీసింగ్, టైర్లు, పార్కింగ్, అప్పు మీద వడ్డీ, ఏటా పడిపోయే దాని విలువ, అన్నీ కలపాలి. కొన్న ధర నుంచి అయిదేళ్ల తర్వాత అమ్మితే వచ్చే ధర తీసేసి, మిగిలినదాన్ని 60తో భాగిస్తే నెలకు ఎంత అరుగుతోందో తెలుస్తుంది. చాలామంది ఈ లెక్క వెయ్యరు. వేస్తే సగం మంది స్టేషన్ పక్కన చిన్న ఇల్లు చాలనుకుంటారని నా అనుమానం.

ఇక సమయం. మనిషి సగటున రోజుకు ఓ గంట ప్రయాణానికి ఇస్తాడని ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. మీరు ఆ గంట దాటి ఎంత ముందుకు వెళ్తున్నారో చూసుకోండి. నగరం ఇంటి నుంచి ఆఫీసుకు 25 నిమిషాలు, శివారు నుంచి 65 నిమిషాలు అనుకుందాం. ఒక్కో వైపు 40 నిమిషాల తేడా. నెలకు 22 పనిరోజులకు రానూపోనూ కలిపితే 1760 నిమిషాలు, అంటే 29 గంటలకు పైనే. ఈ గంటలకు వెల కట్టమని నేను అనను, జీతంతో గుణించి చూపించే లెక్కలు నాకు నచ్చవు. రైల్లో కూర్చుని చదువుకునే గంట వేరు, ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కుతూ టెన్షన్ పడే గంట వేరు. డబ్బు తేడా పక్కన ఈ గంటలు రాసి పెట్టుకుంటే చాలు.

6. ఒకేసారి కట్టే డబ్బును నెలల మీద పంచండి

బ్రోకర్ కమీషన్, సామాను తరలింపు, కొత్త కర్టెన్లు, ఇంటర్నెట్ కనెక్షన్, పాత ఇంటికీ కొత్త ఇంటికీ కలిపి రెండు అద్దెలు కట్టిన రోజులు, అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని మీరు ఉండబోయే నెలలతో భాగించండి. కమీషనే ఒక నెల అద్దె, అంటే 70 అయితే 11 నెలలకే ఖాళీ చేసేవాళ్లకు నెలకు 6.4 పడుతుంది, మూడేళ్లు ఉండేవాళ్లకు 2 కూడా పడదు. ఏడాదిలో ఉద్యోగం మారే సూచన ఉన్నవాళ్లు అద్దె కాస్త ఎక్కువైనా కమీషన్ లేని ఇల్లు, ఫర్నిచర్ ఉన్న ఇల్లు చూసుకోవడమే లాభం.

డిపాజిట్ తిరిగొచ్చే డబ్బే అయినా ఊరికే ఉండదు. ఆరు నెలల అద్దె, అంటే 420 డిపాజిట్‌గా ఇచ్చారనుకోండి. ఏడాదికి 7 శాతం వడ్డీ వచ్చేదైతే నెలకు దాదాపు 2.5 పోగొట్టుకున్నట్టే. డిపాజిట్ ఎంత అడగొచ్చనే దాని మీద చాలా దేశాల్లో చట్టపరమైన హద్దు ఉంటుంది. జర్మనీలో నిర్వహణ ఖర్చులు కాకుండా మూడు నెలల అద్దె, ఇంగ్లండ్‌లో 2019 నుంచి చాలా ఇళ్లకు అయిదు వారాల అద్దె మించకూడదు. మీ ప్రాంతపు హద్దు తెలుసుకుని వెళ్తే మాట్లాడటం తేలిక.

ఇప్పుడు అన్నీ ఒకచోట వేద్దాం:

| నెల ఖర్చు | నగరం మధ్య | శివారు |
|---|---|---|
| అద్దె | 100 | 70 |
| మెయింటెనెన్స్, పార్కింగ్ | 8 | 9 |
| కరెంటు, గ్యాస్, నీళ్లు | 10 | 13 |
| ప్రయాణం (శివారులో రెండో బండితో) | 8 | 27 |
| ఒకేసారి కట్టినవాటిలో నెల వంతు | 5 | 4 |
| మొత్తం | 131 | 123 |

ప్రకటనల్లో 30 ఉన్న తేడా 8కి వచ్చింది, దానికి బదులుగా 29 గంటలు పోతున్నాయి. అదే ఇంట్లో వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లుండి రెండో బండి అక్కర్లేదనుకోండి. శివారు ప్రయాణం 11కు, నగరంలో ప్రయాణం 4కు దిగుతాయి. మొత్తాలు 107, 127. తేడా 20. ఇల్లు అదే, అద్దె అదే. మారింది ఉండే మనిషి జీవితం. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే. మీ కాగితం మీద వచ్చేవి వేరుగా ఉంటాయి, అందుకే ఈ పట్టిక మీరు స్వయంగా వేసుకోవాలి.

7. మొదటి నెల అద్దె చూసి కాక, మూడేళ్ల అద్దె చూసి ఎంచుకోండి

ఒక ఇల్లు 100కు వస్తుంది, ఏటా 10 శాతం పెంపు. ఇంకోటి 104, ఏటా 5 శాతం. మొదటిది చౌక అనిపిస్తుంది. మూడేళ్ల నెలవారీ అద్దెలు చూస్తే మొదటిది 100, 110, 121. రెండోది 104, 109.2, 114.66. మూడేళ్లూ కలిపితే రెండోదే తక్కువ. రెండో ఏడాది నుంచే పరిస్థితి తిరగబడింది.

'ఒక నెల అద్దె ఉచితం' అనే ఆఫర్లు శివారులో ఒకేసారి బోలెడు కొత్త భవనాలు తెరిచినప్పుడు వస్తాయి. ఏడాదికి 11 నెలలే కడతారు కాబట్టి 100 అద్దె అసలుకు 91.7 అయినట్టు. కానీ రెండో ఏడు పెంపు 100 మీద వేస్తారు. 5 శాతమే పెంచి 105 చేసినా, మీ జేబుకు తగిలేది 14.5 శాతం. ఉచిత నెల తీసుకోండి, కాకపోతే దాని బదులు అద్దెలోనే 5, 6 తగ్గిస్తారేమో ముందు అడగండి. ఓనర్లు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోరు, కారణం ఇదే.

8. బేరం

ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఓనర్ ఏడాది అద్దెలో 8.3 శాతం పోగొట్టుకుంటాడు. కాబట్టి 5 శాతం తగ్గించి వెంటనే ఇవ్వడం ఆయనకే లాభం. నెల రోజులుగా ఖాళీగా ఉన్న ఇంటికి వెళ్లి ఈ మాట మర్యాదగా చెప్పండి, పక్కన అలాంటివే ఎంతకు పోయాయో చూపించండి. బడులు తెరిచే ముందు, బదిలీల కాలంలో అయితే ఈ బలం పనిచేయదు, అప్పుడు జనమే క్యూ కడతారు.

అద్దె తగ్గించనంటే వేరేవి అడగొచ్చు: పార్కింగ్ కలపడం, రంగులు వేయించడం, డిపాజిట్ తగ్గించడం, రెండేళ్ల వరకు పెంపు లేకుండా రాసివ్వడం. చివరిదానికే నేనైతే మొగ్గుతాను.

9. సంతకానికి ముందు

ఇల్లు కళ్లతో చూడకుండా, తాళం తీసి లోపలికి వెళ్లకుండా ఒక్క పైసా పంపొద్దు. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, తాళం కొరియర్‌లో వస్తుంది, చాలామంది అడుగుతున్నారు త్వరపడండి అంటే వదిలేయండి.

అగ్రిమెంట్‌లో ఇవి స్పష్టంగా రాసి ఉండాలి: అద్దెలో ఏవి కలుస్తాయి, పెంపు ఎంత, ఎప్పుడు, నోటీసు ఎన్ని రోజులు, లాకిన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదనే షరతు) ఉంటే దాన్ని తెంచుకోవడానికి ఎంత కట్టాలి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దేనికి కోస్తారు. 'ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు' అనే ఒక్క వాక్యం నెల అద్దెను మింగేయగలదు. రిపేర్లు ఎంతవరకు మీవి, ఎంత దాటితే ఓనర్‌వి అన్నది అంకెతో రాయించుకోండి.

తాళాలు తీసుకున్న రోజే మీటర్ల రీడింగులు, గోడల మీద మరకలు, పగుళ్లు, కుళాయిలు ఫొటోలు తీసి ఓనర్‌కు మెసేజ్ చేయండి. తేదీతో సహా అదే మీకు సాక్ష్యం.

10. గడువు తీరే ముందు మళ్లీ ఈ లెక్కే

అగ్రిమెంట్ ముగియడానికి రెండు నెలల ముందే రెండో అడుగులోలా మళ్లీ ప్రకటనలు సేకరించండి. 70 ఉన్న అద్దెను ఓనర్ 8 శాతం పెంచుతానన్నాడనుకోండి. నెలకు 5.6, ఏడాదికి 67. అంటే ఒక నెల అద్దె కన్నా కాస్త తక్కువే. ఇల్లు మారితే కమీషన్, లారీ, రెండిళ్ల అద్దె కట్టే రోజులు కలిపి అంతకు మించి తడిసి మోపెడవుతుంది. ఈ సంగతి ఓనర్‌కూ తెలుసు, అందుకే అంత అడుగుతాడు. కానీ మీరు వెళ్తే ఆయనకూ ఒక నెల ఖాళీ, రంగులు, మళ్లీ కమీషన్ ఉంటాయి. ఇద్దరి నష్టమూ పక్కపక్కన పెట్టి 4 శాతం దగ్గర ఆపమని అడగండి. చుట్టుపక్కల ధరలు ఇంకా కిందే ఉన్నాయని మీ జాబితా చెప్తుంటే, పెంపు లేకుండా ఇంకో ఏడాదికి రాయించుకోవడం కూడా సాధ్యమే.